నిపుణుడి మాట, న్యాయస్థానపు తూకం

(కణేకల్‌లో జరిగిన న్యాయ చైతన్య సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



న్యాయస్థానాలలో నిపుణ సాక్షుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇది పట్నంలో వకీళ్లు చర్చించుకోవలసిన అంశం కదా, కణేకల్ ప్రజలకు ఏమి పనికొస్తుందని ఒక మిత్రుడు సందేహం వెలిబుచ్చాడు. నాకు ఆ సందేహం కలగలేదు. బోరు వేయించే ముందు పాయింటు చూపించుకునే ఈ కరవు నేలలో నిపుణుడంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చూసేవాడు ఒకడు. వేపపుల్ల పట్టుకొని పొలమంతా నడిచేవాడు ఒకడు. యంత్రం తెచ్చి రీడింగులు తీసే జియాలజిస్టు ఒకడు. ముగ్గురూ ఇక్కడ నీళ్లున్నాయనే చెబుతారు. ముగ్గురూ ఫీజు తీసుకొనే వెళతారు. బోరు ఎండిపోతే అప్పు మాత్రం రైతు నెత్తిమీదనే మిగులుతుంది.

అయినా ఆ ముగ్గురి మధ్య ఒక భేదం ఉంది. మొదటి ఇద్దరినీ "నీకెలా తెలిసింది?" అని అడిగితే జవాబు రాదు. మూడవవాడు తన రీడింగులు చూపించగలడు. ఆ కాగితాన్ని మరొక జియాలజిస్టు చేతిలో పెట్టి సరిచూపించుకోవచ్చు. అతడు కూడా పొరబడవచ్చు. కాని అతని పొరపాటును పట్టుకునే మార్గమొకటి ఉంటుంది. ఈ పూట నేను చెప్పదలచిన విషయం ఇంతే. న్యాయస్థానంలో నిపుణుడు చెప్పేది ఒక అభిప్రాయం. దానిని పరీక్షించవచ్చు, పరీక్షించాలి. పరీక్షించే స్తోమత లేని పేదవాడి పక్షాన ఎవరు నిలబడతారన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఏమంటోంది?

సాధారణ సాక్షి తాను కన్నది, విన్నది మాత్రమే చెప్పాలి. తన అభిప్రాయంతో కోర్టుకు పని లేదు. ఈ నియమానికి మినహాయింపు నిపుణుడు. 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షను శాస్త్ర విషయాలలో, చేతివ్రాతలో, వేలిముద్రలలో ప్రావీణ్యం గలవారి అభిప్రాయాన్ని కోర్టు స్వీకరించవచ్చునని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇదే విషయం 39వ సెక్షనుగా ఉంది.

స్వీకరించవచ్చు అంటే తలవంచాలని అర్థం కాదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వానికీ జైలాల్‌కూ మధ్య నడిచిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టపరచింది. నిపుణుడి సాక్ష్యం సలహా వంటిది. తన నిర్ణయం సరైనదో కాదో న్యాయమూర్తి స్వయంగా పరిశీలించుకోవడానికి కావలసిన శాస్త్రీయ ప్రమాణాలను అందించడం అతని విధి. కారణాలు చూపని అభిప్రాయానికి విలువ తక్కువ.

మరి ఆచరణలో జరిగేదేమిటి? ప్రభుత్వ ప్రయోగశాలలలోని కొన్ని హోదాల నిపుణుల నివేదికను, వారిని బోనులోకి పిలవకుండానే సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షనులో ఉండేది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 329వ సెక్షను. దేశంలో ప్రయోగశాలలు కొద్ది, కేసులు అనేకం. కాబట్టి ఈ వెసులుబాటుకు కారణం లేకపోలేదు. అదే సెక్షను, కోర్టు తలచుకుంటే ఆ నిపుణుడిని పిలిపించి విచారించవచ్చునని కూడా చెబుతోంది. కాని అడిగేవారు అరుదు. రెండు పేజీల కాగితం, కింద సంతకం, ముద్ర. అందులోని ఆంగ్ల పదాలు ముద్దాయికి తెలియవు, అతని తల్లిదండ్రులకు తెలియవు. కొన్నిసార్లు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, మా వకీళ్లకూ తెలియవు. ప్రశ్న వేయని చోట కాగితమే తీర్పుగా మారిపోతుంది.

ఇబ్రహీంపట్నం నేర్పిన పాఠం

2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో, ఒక ప్రైవేటు హాస్టలులో ఫార్మసీ చదువుతున్న మన ఆడపిల్ల హత్యకు గురైంది. ఆమె పేరు మీ అందరికీ తెలుసు. అటువంటి ఘోరానికి బలైన బిడ్డ పేరును వేదికల మీద పలకకపోవడం చట్టమూ, మర్యాదా కూడా. మరుసటి సంవత్సరం ఆ కేసులో ఒక దళిత యువకుడిని అరెస్టు చేశారు. చివరకు నిర్దోషిగా తేలిన మనిషి పేరును మళ్లీ ఆ నేరం పక్కన నిలపడం నాకు ఇష్టం లేదు కనుక అతని పేరూ చెప్పను.

అతనికి వ్యతిరేకంగా ప్రాసిక్యూషన్ చూపిన సాక్ష్యాలలో డీఎన్ఏ నివేదిక ఒకటి. డీఎన్ఏ అనగానే ఎవరికైనా నోట మాట రాదు. కళ్లతో చూసిన సాక్షి అబద్ధమాడవచ్చునేమో గాని, రక్తం అబద్ధమాడుతుందా అనుకుంటాము. 2010 సెప్టెంబరులో విజయవాడలోని కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసి, అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. ఈ మధ్యలో ఎనిమిదేళ్లకు పైగా ఒక యువకుడి జీవితం జైలులో గడిచిపోయింది.

రక్తం అబద్ధమాడదు. కాని ఆ రక్తాన్ని సేకరించినదీ, సీసాలో పెట్టి సీలు వేసినదీ, ప్రయోగశాలకు చేర్చినదీ, ఫలితాన్ని కాగితం మీద వ్రాసినదీ మనుషులే. ఆ చేతుల గొలుసులో ఏ ఒక్క లంకెను నమ్మలేకపోయినా చివరి కాగితాన్ని నమ్మలేము. 2022 నవంబరులో రాహుల్ వర్సెస్ ఢిల్లీ ప్రభుత్వం అనే కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే అంశాన్ని ఎత్తి చూపింది. డీఎన్ఏ నివేదికలోని నిర్ధారణకు ఆధారమేమిటో, పరీక్షా పద్ధతులను సక్రమంగా పాటించారో లేదో కింది కోర్టులు పరిశీలించలేదని ఆక్షేపించింది. అక్కడ పణంగా ఉన్నవి మూడు మరణశిక్షలు.

ఇబ్రహీంపట్నం కథ విడుదలతో ముగియలేదు. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అప్పటికి విజయవాడ కోర్టులో భద్రపరచవలసిన భౌతిక ఆధారాలు ధ్వంసమైపోయినట్టు బయటపడింది. 2019 డిసెంబరులో, బిడ్డను మట్టికి అప్పగించిన పన్నెండేళ్ల తరువాత, తెనాలిలో సమాధిని తెరిచి అవశేషాలకు మళ్లీ పరీక్ష చేయవలసి వచ్చింది. మన సంప్రదాయంలో సమాధికి ఉన్న గౌరవం ఎటువంటిదో మీకు తెలుసు. మొదటి రోజున జాగ్రత్తగా చేయవలసిన పని చేయనందుకు ఒక కుటుంబం చెల్లించిన మూల్యమది.

ఈ వ్యవహారంలో నన్ను కదిలించినది ఆ తల్లి నిలకడ. అరెస్టయిన యువకుడు తన బిడ్డను చంపినవాడు కాడని ఆమె మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. అతని విడుదలను ఆమె కుటుంబం స్వాగతించింది. తన గుండె మండుతున్నా మరొక తల్లి బిడ్డకు అన్యాయం జరగరాదని నిలబడడం సామాన్యమైన విషయం కాదు. న్యాయం కోసం నిలబడండి, అది మీకే వ్యతిరేకంగా ఉన్నా సరే అన్న దైవాదేశానికి ఆమె జీవితంలో అర్థం చెప్పింది. తప్పుడు మనిషికి శిక్ష పడితే బాధితులకు దక్కేది న్యాయం కాదు. అసలు నేరస్థుడికి దక్కే రక్షణ.

అజీజుల్ హక్ నుంచి ఆరెగాన్ దాకా

డీఎన్ఏ నిన్నమొన్నటిది. అంతకన్న పాతదీ, నూరేళ్లకు పైగా లోకం తిరుగులేనిదని నమ్ముతూ వచ్చినదీ వేలిముద్ర. దాని చరిత్రలో మనం గర్వించవలసిన పేరొకటి ఉంది: ఖాజీ అజీజుల్ హక్. బెంగాలులోని ఖుల్నా ప్రాంతానికి చెందిన ఆయన, గణితంలో దిట్ట. వేలిముద్రలను వర్గీకరించి, వేల కాగితాలలో నుంచి కావలసిన ఒక్క కాగితాన్ని క్షణాలలో బయటికి తీసే పద్ధతిని రూపొందించడంలో ఆయనా, సహోద్యోగి హేమచంద్ర బోసూ కీలకపాత్ర వహించారు. ఆ పద్ధతితో 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. లోకం మాత్రం దానిని వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో పిలిచింది. అసలు శ్రమించిన ఇద్దరికీ గుర్తింపు ఎంతో ఆలస్యంగా వచ్చింది.

సరిగ్గా నూట ఏడేళ్ల తరువాత ఏమి జరిగిందో చూడండి. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా మరణించారు. డిటొనేటర్లున్న ఒక ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర దొరికింది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కంప్యూటర్ దానికి దగ్గరగా ఉన్న ఇరవై ముద్రలను ఏరి ఇచ్చింది. వాటిలో ఒకటి ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన బ్రాండన్ మేఫీల్డ్‌ది. ఆయన న్యాయవాది, ఇస్లాం స్వీకరించిన వ్యక్తి. ఆ ముద్ర ఆయనదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. కోర్టు నియమించిన మరో నిపుణుడూ అవునన్నాడు. ఇది సరిపోలడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే తెలియజేసినా వినలేదు. మే 6న ఆయనను నిర్బంధించారు. రెండు వారాలకు స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని ప్రకటించాక విడిచిపెట్టారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. 2006లో అమెరికా ప్రభుత్వం ఇరవై లక్షల డాలర్లు చెల్లించింది.

తరువాత జరిగిన అధికారిక విచారణ చెప్పిన మాట మనం గుర్తుంచుకోదగినది. మొదట ముద్రను పోల్చినప్పుడు ఆయన మతం ఆ నిపుణులకు తెలియదు. కాని ఆ తరువాత, స్పెయిన్ నుంచి అభ్యంతరం వచ్చినప్పుడు, తమ నిర్ణయాన్ని నిష్పక్షపాతంగా తిరిగి చూసుకోలేకపోవడానికి ఆయన మతం కూడా ఒక కారణమై ఉండవచ్చునని ఆ నివేదిక అభిప్రాయపడింది. శాస్త్రానికి మతం లేదు. భూతద్దం వెనుక ఉన్న కంటికి మాత్రం ముందే ఏర్పడిన అభిప్రాయాలు ఉంటాయి.

నాటి మన ఉమ్మడి రాష్ట్రంలోనూ ఈ అనుభవం లేకపోలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకున్నారు. కొందరిని నార్కో పరీక్షకు గురిచేశారు. మత్తుమందు ఎక్కించి రాబట్టిన మాటలకు శాస్త్రం అనే ముసుగు వేశారు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టానికి విరుద్ధంగా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఈ తీర్పును మన పిల్లలలో ప్రతి ఒక్కరూ తెలుసుకొని ఉండాలి.

ప్రోనోటు మీద వేలిముద్ర

ఇంత పెద్ద కేసులు మన గడప తొక్కవని మీరనుకోవచ్చు. అయితే గడప తొక్కే కేసు సంగతే చెబుతాను. వాన లేని ఏడు వేరుశనగ విత్తనానికి అప్పు చేస్తాము. అప్పిచ్చినవాడు ఖాళీ ప్రోనోటు మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. లేదా ఖాళీ చెక్కు తీసుకుంటాడు. మూడేళ్ల తరువాత ఇచ్చిన అప్పుకు నాలుగింతల మొత్తం వ్రాసుకొని దావా వేస్తాడు.

ఇటువంటి కేసులో ఒక వృద్ధురాలు నా వద్దకు వచ్చింది. "బాబూ, అంకెలు నేను వేయలేదు. చేతివ్రాత నిపుణుడికి పంపించు, తేలిపోతుంది" అన్నది. ఆమెకు నేను నిజం చెప్పవలసి వచ్చింది. వ్రాత వేరొకరిదని తేలినంత మాత్రాన కేసు గెలవదు. సంతకం చేసిన ఖాళీ పత్రాన్ని పుచ్చుకున్నవాడు దానిని నింపుకోవచ్చునని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను అంటోంది. 2019లో బీర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఖాళీ చెక్కుల విషయంలోనూ ఇటువంటి అభిప్రాయమే ప్రకటించింది. కాబట్టి అక్కడ నిపుణుడిని అడగవలసిన ప్రశ్న "ఎవరు నింపారు?" అన్నది ఒక్కటే కాదు. ఈ సంతకం అసలు నాదేనా, అంకెను దిద్దారా, ఒకటిని నాలుగు చేశారా అన్నవి అడగాలి. ఎంత అప్పు నిజంగా చేతులు మారిందన్నది ఇచ్చినవాడి లెక్కల పుస్తకాల ద్వారా, సాక్షుల ద్వారా తేల్చాలి.

సంతకాన్నో వ్రాతనో నిపుణుడికి పంపమని కోరే హక్కు ముద్దాయికి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2008లో టి. నాగప్ప కేసులో సుప్రీంకోర్టు, తన వాదనను నిరూపించుకునే అవకాశం న్యాయమైన విచారణలో భాగమని చెప్పి చెక్కును నిపుణుడి పరిశీలనకు పంపడానికి అనుమతించింది. అయితే తగిన ప్రశ్న, తగిన సమయంలో వేయాలి. కేసు వాదనల దశకు వచ్చాక లేచి అడిగితే, కాలయాపన కోసమని కొట్టివేస్తారు.

జైలు గోడల లోపల

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనము 14.2 శాతం. జైళ్లలోని విచారణ ఖైదీలలో మన వాటా అంతకన్న ఎక్కువగానే ఉంటోందని ప్రభుత్వ జైలు గణాంకాలే ఏటా చూపిస్తున్నాయి. ఖైదీలలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివారే. వీరికి మొట్టమొదట ఎదురయ్యే నిపుణుడు ప్రభుత్వాసుపత్రి డాక్టరు. అరెస్టయిన వ్యక్తిని వైద్యుడు పరీక్షించాలనీ, గాయాలుంటే నమోదు చేయాలనీ, ఆ నివేదిక ప్రతిని అతనికి గాని అతను నియమించినవారికి గాని ఇవ్వాలనీ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షను చెబుతోంది. పోలీసు పక్కన నిలబడి ఉండగా ఒక నిమిషంలో "గాయాలు లేవు" అని వ్రాసే డాక్టరూ నిపుణ సాక్షే. ఒళ్లంతా చూసి ఉన్నది ఉన్నట్టు వ్రాసే డాక్టరూ నిపుణ సాక్షే. మక్కా మసీదు కేసులో నిర్బంధితులైన యువకుల ఒంటిపై గుర్తులను రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది కమిషనర్ నమోదు చేయబట్టే వారి గోడు కాగితానికెక్కింది.

శిక్ష పడిన తరువాతా నిపుణుల పని ఉంటుంది. 2022 మే నెలలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, మరణశిక్ష విధించే ముందు ముద్దాయి మానసిక స్థితి, పెరిగిన పరిస్థితులు, జైలులో అతని నడవడిక గురించి నివేదికలు తెప్పించుకొని చూడాలని నిర్దేశించింది. మనిషి మారగలడా లేదా అన్నది కూడా పరిశీలించి తేల్చవలసిన విషయమేనని దాని భావం. తౌబా ద్వారం తెరిచే ఉంటుందని విశ్వసించే మనకు ఈ మాట కొత్తది కాదు.

మనం చేయవలసినవి

మొదటిది, కాగితాలు తీసుకోండి. చార్జిషీటుతో పాటు దానికి జతచేసిన పత్రాల నకళ్లను ఉచితంగా పొందడం ముద్దాయి హక్కు. అందులో ప్రయోగశాల నివేదిక ఉందేమో చూడండి. ఏ తేదీన నమూనా తీశారు, ఏ తేదీన ప్రయోగశాలకు చేరింది, మధ్యలో ఎక్కడ ఉంది, సీలు చెక్కుచెదరకుండా ఉన్నట్టు వ్రాశారా లేదా: ఈ నాలుగు ప్రశ్నలు వేయడానికి సైన్సు చదివి ఉండనక్కరలేదు.

రెండవది, నివేదిక మీకు వ్యతిరేకంగా ఉంటే ఆ నిపుణుడిని పిలిపించమని మీ వకీలు చేత లిఖితపూర్వకంగా కోరించండి. ఎన్ని పోలికలు చూశారు, ఏ పద్ధతి వాడారు, మరొకరు సరిచూశారా అని అడిగించండి.

మూడవది, స్తోమత లేదని వెనుకాడకండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వరద, భూకంపంతో పాటు కరవు బాధితులను కూడా ఆ సెక్షను పేర్కొంటోంది. అనంతపురం జిల్లావాసులు ఈ మాటను మరచిపోరాదు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100.

నాలుగవది, చదువుకున్నవారికి నా విన్నపం. మన వీధులలో డాక్టర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, ఇంజనీర్లున్నారు. కోర్టు అనగానే ఎందుకొచ్చిన గొడవ అని పక్కకు తప్పుకుంటారు. ఒక పేదవాడి పోస్టుమార్టం నివేదికను చదివి అర్థం చెప్పడానికి, ఒక వడ్డీ లెక్కను సరిచూడడానికి, నెలకు ఒక్క పూట కేటాయించలేరా? మన పిల్లలను ఫోరెన్సిక్ సైన్సు చదివించండి. వారు మన పక్షాన సాక్ష్యం చెప్పాలని నేను కోరడం లేదు. ఏ పక్షానా మొగ్గకుండా నిజం చెప్పాలని కోరుతున్నాను. వక్రసాక్ష్యం మహాపాపాలలో ఒకటని మనకు చిన్ననాటి నుంచీ నేర్పుతారు. కోటు వేసుకొని, డిగ్రీ చూపించి చెప్పినంత మాత్రాన దాని పాపం తగ్గదు.

తెలియనప్పుడు తెలిసినవారిని అడగమన్నది ఖుర్ఆన్. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోమన్నదీ ఖుర్ఆనే. ఈ రెండు ఆదేశాలను కలిపి పాటిస్తేనే నిపుణుడి మాటకు న్యాయస్థానంలో సరైన స్థానం దొరుకుతుంది. అడగండి, విన్నదానిని నిర్ధారించుకోండి. బోరు పాయింటు చూపించుకున్నప్పుడు అడగకపోతే పోయేది డబ్బు. అక్కడ అడగకపోతే పోయేది ఒక మనిషి యవ్వనం, ఒక తల్లికి దక్కవలసిన న్యాయం.

అల్లాహ్ మనకు సత్యాన్ని గుర్తించే వివేకాన్నీ, దాని పక్షాన నిలిచే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.